ఉప్పు కచేరీ గడపలో ముగ్గు

దంగేటి వీర్రాజు గారు జన్మలో రూలు తప్పి ఎరగరు. తాలూకాఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా ఆయన చేతుల మీదుగా వెళ్ళిన ఏ కాగితమూ తప్పుందని వెనక్కి రాలేదు. అసలు చాలా కాగితాలు ఆయన చేతులు దాటి వెళ్ళనేలేదు, అది వేరే సంగతి. 'ఇచ్చట ఉమ్మివేయరాదు' అని గోడ మీద రాసి ఉంటే, ఉమ్మొచ్చినా రాకపోయినా ఒక్క క్షణం ఆగి చదువుకుని మరీ వెళతారు. అలాంటి మనిషి ఒక్కటంటే ఒక్క అబద్ధమాడారు. ఆ పుణ్యాన ఇంటిల్లిపాదీ, నెలలు నిండిన కూతురితో సహా, నడిబజారులో ఒక హోటలు గదుల్లో బందీలైపోయారు.

జరిగిందేమిటంటే, కూతురు హారికకి తొలి కాన్పు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలన్నది ఎవరూ రాయని రూలు. రాయలేదు కాబట్టి దాన్ని సవరించడానికీ వీల్లేదు. పుట్టిల్లేమో కాలవ గట్టున, తారురోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా లోపలికి ఉంది. కాకినాడలో డాక్టరమ్మ ఖరాఖండీగా చెప్పేసింది. అమ్మాయికి బీపీ ఎక్కువగా ఉంది, నొప్పులు మొదలవగానే ఆసుపత్రిలో ఉండాలి, ఆలస్యమైతే తల్లికీ బిడ్డకీ కూడా ముప్పే, కాబట్టి దగ్గర్లో ఎక్కడైనా మకాం పెట్టండి అని. కాకినాడలో చుట్టాలు లేకపోలేదు. కానీ వీర్రాజు గారి భార్య మంగాయమ్మ ఒప్పుకోలేదు.

"చుట్టాలింట్లో పురుడు పోసుకుంటే అది పుట్టిల్లెలా అవుద్దండీ? మనమున్న చోటే దాని పుట్టిల్లు. చూడండి ఏదన్నా," అంది.

అలా వాళ్ళు పుట్టింటిని అద్దెకు తీసుకున్నారు.

కాకినాడ మెయిన్ రోడ్డు మీద దొరల కాలం నాటి ఉప్పు కచేరీ ఒకటుంది. ఉప్పు మీద పన్ను వసూలు చేసిన ఆఫీసది. దాన్ని ఎవరో కొనుక్కుని, ఒక్కో వాటాకి హాలూ రెండు గదులూ వంటిల్లూ అమర్చి, సాల్ట్ హౌస్ రెసిడెన్సీ అని బోర్డు కట్టారు. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు వండుకు తినొచ్చు. మేడ మీది వాటా, ముందు పొడవాటి నాపరాళ్ళ వరండా, కిటికీలోంచి చూస్తే రోడ్డుకవతల ఆసుపత్రి. ఇంతకన్నా ఏం కావాలి?

అయితే ఆ కట్టడం చారిత్రక కట్టడాల సంరక్షణ మండలి అధీనంలో ఉంది. తలుపు వెనక నిబంధనల పట్టిక వేలాడుతోంది. మేకు కొట్టరాదు. బట్టలు బయట ఆరవేయరాదు. వంట చేసుకొనవచ్చును గానీ పోపు పెట్టరాదు, ఏలననగా ఆవాలు పేలుట వలన పురాతన దూలములు అదరగలవు. గోడలపై గానీ నేలపై గానీ ఏ విధమైన గీతలూ గీయరాదు, గీసినచో తక్షణమే వాటా ఖాళీ చేయవలెను. వీర్రాజు గారు కళ్ళజోడు పెట్టుకుని, నుంచుని, మొత్తం చదివారు. ఆయన ప్రాణానికి చాలా హాయిగా అనిపించింది.

మంగాయమ్మ పట్టిక వంక చూడను కూడా లేదు. మొదటిరోజే చారులో పోపు పెట్టింది. దూలాలు అదరలేదు. మర్నాడు తెల్లవారగానే గుమ్మం బయట చిమ్మి, నాలుగు నీళ్ళ చుక్కలు జల్లి, బియ్యప్పిండితో పద్మం ముగ్గు వేసింది. వీర్రాజు గారు చూసి హడలిపోయి, ఇది గీతల కిందికి వస్తుంది, మన సామాను రోడ్డు మీదికి వస్తుంది అని మొత్తుకున్నారు. ముగ్గు లేని గుమ్మంలోంచి పిల్లని పురిటికి పంపనని ఆవిడ తేల్చేసింది. చేసేది లేక, రోజూ ఆవిడ ముగ్గు వేయడం, మేనేజరు లేచేలోగా ఈయన తడిగుడ్డ పెట్టి తుడిచేయడం, ఇలా ఒక ఒప్పందం కుదిరింది. ఆవిడకి ముగ్గు పడిందన్న తృప్తి. ఈయనకి రూలు నిలిచిందన్న తృప్తి.

ఒక శుక్రవారం వీర్రాజు గారు ముందుగా స్నానానికి వెళ్ళారు. తుడవడం తర్వాత చూసుకుందామనుకున్నారు. ఒంటికి సబ్బు పట్టించుకుని ఉండగా తలుపు దబదబా మోగింది. తువ్వాలు చుట్టుకుని తీస్తే, ఎదురుగా మండలి ఉపసంచాలకులు డాక్టర్ ఉమాపతి గారు, మెళ్ళో తాడుకి భూతద్దం కట్టుకుని, ముగ్గు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. పక్కన మేనేజరు జోసెఫ్‌బాబు మొహం పాలిపోయి ఉంది.

"ఎవరు వేశారిది?" అన్నారు ఉమాపతి గారు, కటువుగా.

వంటింట్లోంచి మంగాయమ్మ "నే..." అంటూ వస్తోంది. వీర్రాజు గారికి కళ్ళముందు పట్టిక కదిలింది. సామాను కదిలింది. రోడ్డు పక్కన పెట్టె మీద కూచున్న హారిక కదిలింది.

"మేం వచ్చేటప్పటికే ఉందండి," అనేశారు.

అంతే, ఆ పెద్దమనిషి మొహం మతాబాలా వెలిగిపోయింది. "అనగా ఎప్పటినుంచో ఉన్నదన్నమాట," అని గొణుక్కుని, భూతద్దం కళ్ళకి ఆనించి, చాలాసేపు లేవలేదు. లేచాక ఆయన చెప్పినదాని సారాంశం ఇది. ఇది ఉప్పు కచేరీ. ఇక్కడ పనిచేసిన గుమాస్తాలు మధ్యాహ్నపు తీరికవేళల్లో ఉప్పుతోనే ఈ చిత్రం రచించారు. లవణ చిత్రకళ అనే ఒక మహత్తర సంప్రదాయం ఉండి ఉంటుందని తాను ఎన్నాళ్ళనుంచో ఊహిస్తున్నారు. ఈనాటికి ఆధారం దొరికింది. అది బియ్యప్పిండిలా ఉందని జోసెఫ్‌బాబు అనబోయాడు గానీ, నాలిక మీద వేసుకుని చూస్తే తేలిపోతుందని అన్నందుకు వాడి మీద ఆయన మండిపడ్డారు. చారిత్రక సంపదను రుచి చూడటం శిక్షార్హమట.

అక్కడికక్కడే ఉత్తర్వు రాశారు. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, సదరు చిత్రమును మానవులు గానీ, పశుపక్ష్యాదులు గానీ తొక్కుటయు, దాటుటయు, దానిపై నీడ వేయుటయు నిషేధించడమైనది."

వీర్రాజు గారు భుజం మీదుగా తొంగి చూశారు. తువ్వాలు మీదున్నారు, చెవిలో సబ్బు నురగ ఉంది, అయినా అలవాటు ఎక్కడికి పోతుంది? మనసాగక అన్నారు.

"చివర్న 'తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు' అని పడాలండి. అది లేకపోతే ఉత్తర్వు నిలబడదు. రేపెవడన్నా కాదంటాడు."

ఉమాపతి గారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. మీ వంటి వారు ఉండబట్టే పరిపాలన సాగుతోందన్నారు. వీర్రాజు గారి ఛాతీ ఉప్పొంగింది. వాళ్ళు ఎర్రతాళ్ళు కట్టి, కాపలా మనిషిని పెట్టి వెళ్ళాక, తలుపు వేసుకుని వెనక్కి తిరిగితే భార్యా కూతురూ ఆయన్నే చూస్తున్నారు. ఆ వాటాకి ఉన్నది ఒకటే గుమ్మం. ఆ గుమ్మానికి అడ్డంగా ముగ్గు. అప్పుడు తెలిసింది ఆయనకి తానేం రాయించారో.

"మనం ఎలా బయటికెళ్తాం నాన్నా?" అంది హారిక.

రెండ్రోజుల్లో పరిశీలన అయిపోతుందిలే అన్నారాయన. మంగాయమ్మ మాత్రం ఒకే మాట అంది. "మీరాడిన అబద్ధం మీరే విప్పుకోండి. నేను నోరిప్పను. పిల్లకి నొప్పులొత్తే మాత్రం నేనెవర్నీ అడగను."

ఆనాటి నుంచి కూరలూ పాలూ రోడ్డు వైపున్న బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్టలో పైకి రావడం మొదలెట్టాయి. జోసెఫ్‌బాబు కింద నుంచుని బుట్ట నింపేవాడు. హోటలు వాళ్ళు బాల్కనీ బుట్టకి కూడా అద్దె వేద్దామా అని ఆలోచించారట గానీ, బుట్ట చారిత్రకం కాదని తేలడంతో ఊరుకున్నారు.

మొదటి రాత్రే చీమలు వచ్చి పద్మాన్ని సగం మోసుకుపోయాయి. తెల్లవారి మంగాయమ్మ కాపలావాడు టీకి దిగిన సమయం చూసి, గడప లోపలే కూచుని, తాడు కింద నుంచి చెయ్యి చాపి కొత్త ముగ్గేసింది. నిన్నటి ముగ్గు ఇవ్వాళ వేయదావిడ. రథం ముగ్గేసింది. ఉమాపతి గారు వచ్చారు, చూశారు, తెల్లబోయారు. ఇక కొంప మునిగిందనుకున్నారు వీర్రాజు గారు.

ఉమాపతి గారు మెల్లగా భూతద్దం దించి, కళ్ళు ఒత్తుకున్నారు. "పై పొర లుప్తమైనది. అడుగునున్న ప్రాచీనతర పొర ఆవిర్భవించినది," అన్నారు. అంటే పద్మం దొరల కాలానిదైతే, రథం అంతకు ముందుదన్నమాట. మర్నాడు మంగాయమ్మ పాముల మెలికల ముగ్గు వేసింది. అది డచ్చివాళ్ళ కాలానికి వెళ్ళింది. ఆ మర్నాడు చిలకల ముగ్గు పడింది, రెడ్డిరాజుల కాలం వచ్చేసింది. వారం తిరక్కుండా చుక్కల ముగ్గు బౌద్ధుల దాకా పోయింది. కచేరీ కట్టిందే దొరలు కదా, దొరలకన్నా ముందటి ముగ్గు కచేరీ మేడ మీదికి ఎలా వచ్చిందని జోసెఫ్‌బాబుకి ఒక సందేహం వచ్చింది. మండలి నిపుణుల సంఘం దాన్నీ తీర్చింది. ముందు ముగ్గు ఉండేదట, దాని కింద భవనం తర్వాత కట్టారట. ముగ్గురు ఆచార్యులు సంతకాలు పెట్టారు. ఉప్పు తినే చీమల మీద వేరే ఒక ఉపసంఘం పడింది.

వీర్రాజు గారు నలిగిపోయారు. నిజం చెప్పేద్దామని రోజూ పొద్దున్నే అనుకునేవారు. చెబితే నేల మీద గీసినందుకు వాటా ఖాళీ చేయమంటారు, నెలలు నిండిన పిల్లతో ఎక్కడికి పోవాలి? చెప్పకపోతే గడప దాటలేరు. అందుకని ఆయనకి తెలిసిన దారిలోనే వెళ్ళారు. తాళ్ళ ఇవతల కుర్చీ వేసుకుని, అవతల కుర్చీలో ఉన్న ఉమాపతి గారితో మాట్లాడారు. కూతురికి ఏ పూటైనా నొప్పులు రావచ్చు, ఒక్కసారి దాటనివ్వాలని వేడుకున్నారు. ఉమాపతి గారు కఠినాత్ములేం కాదు. తప్పక దాటవచ్చునన్నారు. కాకపోతే ప్రసవము ఆసన్నమైనదని డాక్టరు స్వయంగా పరీక్షించి ధ్రువీకరించాలి. డాక్టరు పరీక్షించాలంటే లోపలికి రావాలి. లోపలికి రావాలంటే ముగ్గు దాటాలి. దాటడానికి ప్రసవము ఆసన్నమైన వారికే అనుమతి.

"పోనీ," అన్నారు ఉమాపతి గారు ఎంతో ఆప్యాయంగా, "ఈ చిత్రమును చూడ వచ్చుచున్న మంత్రిగారి సందర్శన పూర్తగు వరకు ప్రసవమును వాయిదా వేయు వెసులుబాటు ఏమైనా ఉన్నదా?"

వీర్రాజు గారు లోపలికొచ్చి మంచం మీద పడుకున్నారు. తాలూకాఫీసులో తన కుర్చీ ముందు నుంచున్న మొహాలు ఒక్కొక్కటే జ్ఞాపకం వచ్చాయి. చచ్చిపోయిన మొగుడి పింఛను కోసం, తాను బతికే ఉన్నానన్న సర్టిఫికెట్టు తేలేక తిరిగిన ఒక ముసలావిడ మొహం మరీను. ఆయనకి ఏడుపొచ్చింది. దుప్పటి ముసుగేసుకున్నారు.

మంత్రిగారి సందర్శన రోజు రానే వచ్చింది. వరండా నిండా జనం, పూలదండలు, కెమెరాలు. ముగ్గు చుట్టూ లైట్లు. ఆ వేళ మంగాయమ్మ మళ్ళీ పద్మమే వేసింది, శుక్రవారం కనక. పొరలన్నీ తిరిగి ఆధునిక యుగానికి వచ్చాయని, చరిత్ర పునరావృతమగుట అంటే ఇదేనని ఉమాపతి గారు మైకులో వివరిస్తున్నారు. మంత్రిగారు ఇంకా దారిలో ఉన్నారు.

లోపల హారిక గోడ పట్టుకుని "అమ్మా" అంది. పెదాలు తెల్లబడ్డాయి. కళ్ళు తిరుగుతున్నాయంది.

వీర్రాజు గారు తలుపు తెరిచారు. లైట్ల వెలుగు మొహం మీద పడింది. ఇన్నాళ్ళూ మింగిన మాట బయటికి కక్కారు. "ఆ ముగ్గు మా ఆవిడ వేసిందండి. రోజూ వేస్తోంది. అది బియ్యప్పిండి. నేను అబద్ధమాడాను. దారివ్వండి, మా అమ్మాయికి నొప్పులొచ్చాయి."

ఉమాపతి గారు జాలిగా తల ఊపారు. ఈ విధమైన దావా ఇప్పుడు చెల్లదన్నారు. చిత్రము ప్రాచీనమని ముగ్గురు ఆచార్యులు సంతకములు చేసి ఉన్నారు, ఇక ఈ అమ్మగారి వయస్సు చూడగా అరవై దాటినట్లు లేదు, కావున ఈమె వేయు అవకాశము లేదు. కావాలంటే ఇప్పుడే మీ కళ్ళముందే వేసి చూపిస్తానని మంగాయమ్మ పిండి డబ్బా తెచ్చింది. అలా వేయరాదు, చారిత్రక కట్టడములో నేలపై గీతలు నిషిద్ధమని ఆయన పట్టిక చూపించారు. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు ఎవరును దాటరాదు, ఆ వాక్యము తమరు చెప్పినదే కదా అని కూడా గుర్తుచేశారు.

లోపలి నుంచి హారిక మళ్ళీ మూలిగింది. మంగాయమ్మ భర్త వంక చూసింది.

వీర్రాజు గారు స్నానాలగదిలోకి వెళ్ళారు. పాత తడిగుడ్డ తెచ్చారు. పంచె ఎగగట్టి, గడప మీద మోకాళ్ళేసుకుని, అంతమంది చూస్తుండగా, కెమెరాలు చూస్తుండగా, పద్మాన్ని ఒక చివర్నుంచి మరో చివరికి శుభ్రంగా తుడిచేశారు. రేకు మిగల్లేదు. వారాల తరబడి చేసిన పనే కాబట్టి చెయ్యి తడబడలేదు. ఉమాపతి గారు భూతద్దం వదిలేసి గోడకి చేరగిలబడ్డారు.

వీర్రాజు గారు లేచి, గుడ్డ భుజాన వేసుకుని, సూపరింటెండెంటు గొంతుతో అన్నారు. "సదరు చిత్రమును దాటరాదు అని కదండీ ఉత్తర్వు. సదరు చిత్రం లేదు. చిత్రమే లేనప్పుడు ఉత్తర్వు దేనికి వర్తిస్తుందో తమరు ఆఫీసుకెళ్ళి తీరిగ్గా రాసుకోండి. ఈలోగా మేం వెళ్తాం."

ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఉమాపతి గారికి దొరకలేదు. నిజానికి తప్పు లేదు కూడా. ఆయన వెతుక్కుంటూ ఉండగానే జోసెఫ్‌బాబు, కాపలావాడు కలిసి హారికని కుర్చీలో కూచోబెట్టి, మెట్లు దింపి, రోడ్డు దాటించేశారు. మంగాయమ్మ పక్కనే పరిగెత్తింది. మంత్రిగారి కారు ఆగి దారిచ్చింది.

మరో పది నిమిషాలు ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని డాక్టరమ్మ కోప్పడింది. కోప్పడి, ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం అంది. వీర్రాజు గారు వార్డు బయట బల్ల మీద కూలబడి, ఆ తడిగుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నారు.

ఉప్పు కచేరీ మేడ మీద ఇప్పుడు ఒక బోర్డు ఉంది. 'ఇచ్చట ఒక చిత్రము ఉండెడిది. దాని లేమిని తాకరాదు.' చుట్టూ ఎర్రతాళ్ళు అలాగే ఉన్నాయి. ఆ వాటాలో వీళ్ళ సామానంతా ఉండిపోయింది. బాలింత పథ్యానికి తెచ్చిన గిన్నెలను జోసెఫ్‌బాబు బాల్కనీ బుట్టలోంచి ఒక్కొక్కటే దించి పంపించాడు.

పాపని ఇంటికి పంపించే రోజు పొద్దున్నే వార్డు గుమ్మంలో ముగ్గు తెల్లగా మెరిసింది. మంగాయమ్మ పని అది. రోడ్డవతల మేడ మీద నుంచి ఏదో తళుక్కుమంది. భూతద్దం. కాసేపటికి ఉమాపతి గారు ఎర్రతాళ్ళ చుట్ట చంకన పెట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నారు. మళ్ళీ అదే వెలుగు ఆ మొహంలో.

"ఎవరు వేశారిది?" అన్నారు.

"మా ఆవిడ," అన్నారు వీర్రాజు గారు, గట్టిగా, వార్డంతా వినపడేలా. "మంగాయమ్మ. ఇవాళ పొద్దున్నే వేసింది. నేను దగ్గరుండి చూశాను."

ఉమాపతి గారు కాసేపు ఆయన్నీ ముగ్గునీ మార్చి మార్చి చూశారు. "ఈనాటిదా?" అన్నారు నీరసంగా. ఈనాటివాటితో మండలికి సంబంధం లేదు. తాళ్ళు మళ్ళీ చంకన పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయారు.

వీర్రాజు గారు మనవరాలిని ఎత్తుకుని గుమ్మం దాకా వచ్చి, అలవాటు కొద్దీ ఆగిపోయారు. ఒక కాలు పైకెత్తి ఎక్కడ పెట్టాలా అని చూస్తున్నారు.

"తొక్కండి, పర్లేదు," అంది వెనక నుంచి మంగాయమ్మ. "రేపు ఇంటి దగ్గర మళ్ళీ ఏత్తాను."